పన్నెండో బోర్డుకి వచ్చిన కాల్

సోమవారం, పద్నాలుగో తేదీ
ఉదయం, టీ తాగాక

ప్రియమైన పన్నెండుకి,

పదకొండు రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ నీవాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఇలా మొదలుపెట్టడం మర్యాద కాబట్టి మొదలుపెట్టాను. మా క్షేమం ఏపాటిదో ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నీ కవరు గురువారం అందింది. వెంటనే తెరవలేదు. అంటించిన చోట గోరుతో తడిమి చూశాను, దారిలో ఎవరైనా విప్పి మళ్ళీ అంటించారేమోనని. నవ్వకు. పక్కవాళ్ళ మాటలు వినడమే ఉద్యోగంగా బతికినవాళ్ళకి ఈ జబ్బు పోదు. అడ్రసులో ఏడు అంకెకి నడుం మీద గీత కనబడగానే నువ్వేనని తెలిసింది. ట్రంక్ కాల్ చీటీల మీద కూడా అలాగే రాసేదానివి.

ముప్ఫై నాలుగేళ్ళయినా నువ్వు నన్ను పదకొండూ అనే పిలిచావు. నాకూ నీ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ గదిలో మనకి పేర్లెక్కడివి? ఫోన్ చేసినవాళ్ళకి పేరు చెప్పకూడదని రూలు. బోర్డు నంబరు చెప్పాలి, అంతే. చివరికి భోజనాల గదిలో మంచినీళ్ళ గ్లాసు అందుకోవాలన్నా ఆ నంబర్లే. మా ఆయన బతికున్న రోజుల్లో ఓసారి కోపమొచ్చి నన్ను పదకొండూ అని పిలిస్తే ఠక్కున పలికాను. పేరు పెట్టి పిలిస్తే మాత్రం రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

ఎక్స్‌ఛేంజ్ పాత భవనాన్ని పడగొట్టబోతున్నారని, దానికి ముందు వచ్చే నెల ఆఖరి శనివారం పాత ఆపరేటర్లందరూ ఆ గదిలో ఒక పూట కలుస్తున్నారని నాకూ కబురు వచ్చింది. ముప్ఫయ్యో బోర్డు ఆవిడే అందరికీ ఉత్తరాలు రాస్తోంది. నీకు కూడా రాసిందని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. నువ్వు రావాలా వద్దా అని నన్ను అడిగావు. అడిగి, దాని కిందే అసలు ప్రశ్న రాశావు. ఆ నాలుగు వాక్యాలు నాకిప్పుడు చూడకుండా వచ్చు. నిన్ను ఉద్యోగంలోంచి తీసేయించిన ఆ కాల్ నువ్వసలు విన్నావో లేదో నీకే గుర్తు లేదన్నావు. వినలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నావు. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నావు కాబట్టి, ఆ మరుపు అప్పుడే మొదలైందేమో, విని, ఎవరితోనో అనేసి, మరిచిపోయావేమో అని నీకు భయంగా ఉందన్నావు. పక్క బోర్డులో కూర్చున్నదాన్ని కాబట్టి నన్ను అడుగుతున్నావు.

దానికి వస్తాను. ముందు నీ జాబితా సంగతి చూద్దాం. నువ్వు అనుమానించిన నలుగురినీ నేనూ అనుమానిస్తూనే ఉన్నాను. మన సూపర్‌వైజర్ గడియారం ఉన్నాడే, మనం మంచినీళ్ళకి లేస్తే నిమిషాలు రాసుకునేవాడు, ఆయన నీ మీద కక్ష కట్టి చేశాడంటే నమ్మొచ్చు. ఆయన పోయి ఏడేళ్ళయింది, ఇక అడగడానికి వీల్లేదు. లైన్లు పరీక్షించే బల్ల దగ్గర కూర్చునే మెకానిక్ ఏ లైన్ కావాలంటే ఆ లైన్ వినగలడు, అదీ నిజమే. పదమూడో బోర్డు ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. క్యాంటీన్ ఆవిడ మన దగ్గర ముక్కలు ముక్కలుగా విన్నవి అతికించి కొత్త కథ చేసి అమ్మేది. నలుగురూ నలుగురే. వీళ్ళలో ఎవరో చెప్పమంటే ఏం చెప్పను? ఇన్నేళ్ళ తర్వాత తవ్వితే మట్టి తప్ప ఏం వస్తుంది?

ఇప్పుడు మా ఇంటి సంగతి విను. ఇది చెప్పడానికి నీకంటే తగినవాళ్ళు నాకు లేరు.

మావాడు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. పెళ్ళయి మూడేళ్ళయింది. కోడలు మంచి పిల్ల. మంచి పిల్ల అనే అనుకున్నాను. ఏడు నెలల కిందట వాడొక మాట్లాడే పెట్టె తెచ్చి వంటింట్లో గట్టు మీద పెట్టాడు. అరచేతి మందాన ఉంటుంది. పాట అడిగితే పాడుతుంది, ఎండా వానా చెప్పమంటే చెబుతుంది. నేను జారిపడితే కేకేస్తే చాలు, వాడికి ఫోన్ చేస్తుందట. నువ్వు పిలిస్తేనే వింటుందమ్మా, లేకపోతే వినదు అన్నాడు.

నేను వాణ్ణి ఒకటే అడిగాను. "పిలిచినప్పుడు పలకాలంటే, పిలవకముందు నుంచీ వింటూ ఉండాలి కదరా?"

ఆ సంగతి పెట్టె చేసినవాళ్ళకి తెలుసు, నాకు తెలుసు, నీకు తెలుసు. మనకి ఎవరైనా నేర్పారా సగం కీ గురించి? ఫోన్‌లో ఇద్దరినీ కలిపాక బోర్డు మీది కీ మీట పూర్తిగా వెనక్కి వేసి తప్పుకోవాలని పుస్తకంలో ఉంది. సగంలో ఆపితే వాళ్ళకి మనం ఉన్నట్టు తెలియదు, మనకి అంతా వినబడుతుంది. ఏ పుస్తకంలోనూ లేని ఆ విద్య చేరిన వారానికే అందరికీ వచ్చేసింది. ఎవరింట్లో గొడవ, ఎవరికి బదిలీ, ఎవరి సంబంధం తప్పిపోయింది, అన్నీ మనకి ముందే తెలిసేవి. పాము కాళ్ళు పాముకే ఎరుక.

తర్వాత నేరుగా తిప్పుకునే ఫోన్లు వచ్చి మన గది మూతపడ్డప్పుడు జనం ఎంత సంబరపడ్డారో నువ్వు చూడలేదు, అప్పటికే వెళ్ళిపోయావు. మధ్యలో ఆడమనిషి లేదు, ఇక మా మాట మాదే అన్నారు. నేను ఆ ఆఖరి రోజున బోర్డు మీద గుడ్డ కప్పి వచ్చాను. నిజంగానే మధ్యలో ఎవరూ లేరని పాతికేళ్ళు నమ్మాను కూడా. ఈ పెట్టె వచ్చాక ఆ నమ్మకం పోయింది.

ఇక కోడలి ఉద్యోగం. ఇంట్లోంచే చేస్తుంది. వంటింటి పక్క గదిలో తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటుంది. మనం పెట్టుకున్నట్టే, కాకపోతే బరువు తక్కువ. ఏం చేస్తావమ్మాయ్ అని అడిగితే ముందు దాటవేసింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ఇలాంటి పెట్టెలు విన్న మాటల ముక్కలు ఆమె దగ్గరికి వస్తాయట. యంత్రం విన్నది ఒకటి, రాసుకున్నది ఒకటి అయితే ఈ పిల్ల విని దిద్దాలి. ఎవరి మాటలు అంటే తెలియదంది. ఏం మాటలు అంటే, చెప్పనని సంతకం పెట్టానంది.

మన ఉద్యోగం ఎక్కడికీ పోలేదు పన్నెండూ. మనం కుర్చీలోంచి లేచామంతే, ఆ కుర్చీ నడుచుకుంటూ వచ్చి మా ఇంట్లోనే కూర్చుంది.

అప్పటినుంచీ ఒక్కొక్కటీ గమనించడం మొదలుపెట్టాను. నా చెప్పులు తెగాయని మా చెల్లెలితో ఫోన్‌లో అన్నాను, ఆ సాయంత్రమే మావాడి ఫోన్ నిండా చెప్పుల బొమ్మలు. కోడలి వంట గురించి చెల్లెలితో ఒక మాటన్నాను, మర్నాడు ఆ పిల్ల ఉప్పు తగ్గించింది. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వుతోంది. దేనికి నవ్వింది? నేను అప్పుడే వంటింట్లో డబ్బా మూత రాక దాన్ని నానా తిట్లూ తిట్టి వచ్చాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇదంతా నా పాత బుద్ధే అని సర్దిచెప్పుకున్నాను. కానీ అనుమానం ఒకసారి దూరితే అద్దె కట్టకుండా ఉండిపోతుంది. ఆధారం కావాలనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది ఎర.

నీకు రాస్తూ ఈ మాట అనడానికి సిగ్గుగానే ఉంది. నిన్ను పట్టించిన ఎర అది. మాటలు బయటికి పోతున్నాయని పైవాళ్ళకి ఫిర్యాదులు వెళ్ళాక గడియారం చేసిన పని నువ్వెలా మరిచిపోతావు? తనకి తెలిసిన మనిషి చేత ఒక్కో బోర్డు గుండా ఒక్కో కాల్ చేయించాడు. ఒక్కో కాల్‌లో ఒక్కో అబద్ధం. ఒకదాంట్లో ఆసుపత్రి పెద్ద డాక్టరు వెళ్ళిపోతున్నాడని, ఒకదాంట్లో వంతెన మూసేస్తారని, నీ బోర్డులో బట్టల మిల్లు మూడో షెడ్డు మూతపడుతుందని. ఏ అబద్ధం బజారులో తేలితే ఆ బోర్డు మనిషి దొంగ. మర్నాడు పొద్దున్నే మిల్లు గేటు ముందు రెండు వందల మంది నిలబడ్డారు. మధ్యాహ్నానికి నీ హెడ్‌సెట్ బల్ల మీద ఉంది.

సరే, నేనూ మూడు అబద్ధాలు తయారుచేశాను. చెల్లెలికి ఫోన్‌లో, పాత అల్మరా ఎవరికో ఇచ్చేస్తున్నానని చెప్పాను. నా గదిలో కిటికీ దగ్గర నిలబడి, రెండు నెలలు చెల్లెలింటికి వెళ్ళిపోతానని నాలో నేను అనుకున్నట్టు గట్టిగా అన్నాను. వంటింట్లో పెట్టె ముందు, దానితో కాదు, గిన్నెలతో మాట్లాడుతున్నట్టు, మోకాలికి ఆపరేషన్ చేయించుకుంటున్నాను, ఎవరికీ చెప్పను అన్నాను. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది నేనూ, పక్క గదిలో చెవులకి హెడ్‌సెట్‌తో కోడలూ.

శనివారం సాయంత్రం మావాడు పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, మోకాలికి ఆపరేషన్ అంటున్నావట, మాకెందుకు చెప్పలేదని అడిగాడు.

అల్మరా తేలలేదు, చెల్లెలిల్లు తేలలేదు. మోకాలే తేలింది. ఇంకేం కావాలి? నిన్న ఆదివారం ఇద్దరినీ కూర్చోబెట్టి కడిగేశాను. ఆ పెట్టె వింటుంది, దాని మాటలు నీ చెవిలో పడతాయి, నువ్వు మొగుడి చెవిలో వేస్తావు, అత్తగారు గిన్నెలతో మాట్లాడుకున్నా నీకు కావాలా అన్నాను. మావాడు ఏదో అనబోతే నువ్వాగు అన్నాను. కోడలు ఏడవలేదు.

"అత్తయ్యా, నేను రోజుకి ఎనిమిది గంటలు పరాయివాళ్ళ మాటలు వింటాను. అవి తీసేశాక ఇంట్లో ఎవరి మాటైనా వినే ఓపిక నాకెక్కడిది?"

అంతే అంది. ఇవాళ పొద్దున్నే తన కంప్యూటరూ హెడ్‌సెట్టూ సంచిలో పెట్టుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. మావాడు పెట్టె వైరు పీకి అల్మరా మీద పడేసి, తినకుండా పనికి వెళ్ళాడు. ఇంట్లో చడీచప్పుడూ లేదు. నాకు బాధగా లేదని కాదు. కానీ దొరికిందా లేదా? ఎర ఏ కాలంలో వేసినా ఎరే.

ఇక నీ ప్రశ్నకి

గురువారం, పదిహేడో తేదీ
మధ్యాహ్నం

పైన అక్కడ ఆపేశాను, చూశావుగా. నీ ప్రశ్నకి అని రాసి కలం మూత పెట్టేశాను. కాగితాలు మూడు రోజులు దిండు కింద ఉన్నాయి. సోమవారం రాసింది చింపేసి కొత్తగా రాయొచ్చు. చింపను. నేనెలా మాట్లాడానో నువ్వు చదవాలి.

నిన్న మెట్లు దిగుతుంటే కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ ఎదురొచ్చింది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. అవి తీసి, మోకాలి ఆపరేషన్ ఏ డాక్టరు దగ్గరని అడిగింది. వాళ్ళ పెద్దమ్మకి ఎవరో పాడుచేశారట, ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, శనివారం మీ అబ్బాయికి కూడా ఇదే చెప్పాను, పాపం అతనికి ఏమీ తెలియనట్టుంది అంది.

మీకెవరు చెప్పారు అన్నాను. మీరేగా అంది. మా వంటింటికీ ఆవిడ కుట్టుమిషను ఉన్న గదికీ పొగగొట్టం ఒకటేనట. ఆ గది పూర్వం వంటిల్లు. నేను గట్టు దగ్గర ఏం మాట్లాడినా గొట్టంలోంచి నేరుగా ఆవిడ మిషను పక్కన పడుతుంది. ఆరేళ్ళుగా పడుతోంది. చెబితే మీరు మొహమాటపడతారని చెప్పలేదంది. మీరు కూనిరాగం తీసేటప్పుడు మిషను ఆపి వింటానని కూడా చెప్పింది, అదేదో నాకు పెద్ద ఊరట అన్నట్టు.

మావాడు నన్ను అడిగినప్పుడు ఆపరేషన్ అంటున్నావట అనే అన్నాడు. ఎవరన్నారురా అని నేను అడగలేదు. వాడు ఆదివారం చెప్పబోతే నోరు మూయించాను. ఎర ఏ గదిలో వేశానో నాకు తెలుసు కాబట్టి ఎవరు తిన్నారో కూడా తెలుసనుకున్నాను. ఇన్నేళ్ళు చెవులతో బతికి, ఒక మాటకి రెండు చెవులు ఉండొచ్చన్న సంగతి తోచలేదు. తోచలేదా, తోచకుండా చూసుకున్నానా, అది కూడా చెబుతాను.

మెట్ల మీంచి మళ్ళీ పైకి వెళ్ళలేదు. అదే చీరలో బస్సెక్కి కోడలి అక్క ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల పనిలో ఉంది. గంట సేపు ముందు గదిలో కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది. వీపు కనబడుతోంది. మెడ కొంచెం ఎడమవైపు వంచి వింటోంది, వినబడనప్పుడు మనం వంచినట్టే. మధ్యలో ఒకసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నాకు ఆ కూర్చోవడం తెలుసు. వినకూడనిది విన్నప్పుడు అలా కూర్చుంటాం.

బయటికి వచ్చాక నిలబడే చెప్పాను. పొగగొట్టం సంగతీ, దర్జీ ఆవిడ సంగతీ, నేను వేసిన మూడు అబద్ధాలూ. తప్పు నాది, నువ్వు ఇంటికి రావాలి అన్నాను. ఆ పిల్ల నాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఉప్పు సంగతి కూడా అడిగేశాను, మనసులో ఉంచుకోలేక. రక్తపోటు ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు నా చీటీ మీదే రాశాడట.

చాలాసేపు మాట్లాడింది. మూడేళ్ళలో ఎప్పుడూ అంత మాట్లాడలేదు. తను వినేవాళ్ళకి తనున్నట్టు తెలియదట, అదే తనకి కష్టమట. ఒక్కోసారి, ఇటువైపు మనిషి ఉంది జాగ్రత్త అని చెప్పాలనిపిస్తుందట, చెప్పడానికి బటన్ లేదట. అందుకే మా పెట్టె అంటే తనకీ ఇష్టం లేదట, మావాడు నా క్షేమం కోసం తెచ్చాడు కదా అని ఊరుకుందట. అంటే ఆ ఇంట్లో ఆ పెట్టెని అనుమానించింది మేమిద్దరం. ఒకే పక్షం వాళ్ళం. నేను వెళ్ళి నా పక్షం మనిషినే పట్టుకున్నాను.

శనివారం వస్తానంది. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. నేను లేవబోతుంటే, ఈ ఎర వేయడం ఎక్కడ నేర్చుకున్నారు అత్తయ్యా అని అడిగింది. ఎక్స్‌ఛేంజ్ సంగతి చెప్పాను. అలా ఎంతమంది పట్టుబడ్డారంది. ఒక్కర్తే అన్నాను.

"ఆమె నిజంగానే చెప్పిందా?"

నాకు బస్సు వేళయిందని లేచి వచ్చేశాను.

ఎక్స్‌ఛేంజ్‌లో జరిగే సభకి నువ్వు తప్పకుండా రా. నీకు హక్కుందా లేదా అని ఎవరినీ అడగొద్దు. బోర్డులు ఇంకా తీయలేదట, కుర్చీలు కూడా ఉన్నాయట. పాలు పొయ్యి మీద మరిచిపోవడం నేనూ చేస్తున్నాను, నాకంటే చిన్నది మా చెల్లెలూ చేస్తోంది. అది మతిమరుపు కాదు, వయసు. పిల్లలకి నా ఆశీస్సులు చెప్పు. నీ పెద్దమ్మాయికి ముప్ఫై నాలుగో ఏడు వచ్చి ఉండాలి, లెక్క నాకు తెలుసు.

ఇట్లు,
ఎప్పుడూ నీ పక్కనే కూర్చున్న
పదకొండు

తాజాకలం:

సంతకం పెట్టాక కవరు తీశాను. ఇలాగే అంటించి పంపొచ్చు. ఉత్తరం బాగానే ఉంది, తప్పు ఒప్పుకున్నట్టు కూడా ఉంది, కాకపోతే వేరే తప్పు. కాబట్టి విను.

నీ జాబితా మూడుసార్లు చదివాను. గడియారం, మెకానిక్, పదమూడు, క్యాంటీన్ ఆవిడ. నలుగురున్నారు. నేను లేను. నీకంత దగ్గరగా కూర్చున్న మనిషి పేరు నీకు తట్టనైనా లేదు.

నువ్వప్పుడు మూడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళని బోర్డు మీంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. పదకొండు గంటలకి నీకు కడుపులో తిప్పేది. బోర్డు వదిలి వెళ్ళాలంటే గడియారానికి చెప్పాలి, చెబితే రాసుకుంటాడు. అందుకని నువ్వు నా మోచెయ్యి తట్టి వెళ్ళేదానివి. ప్రతి బోర్డుకీ కొత్తవాళ్ళకి నేర్పడానికి రెండో హెడ్‌సెట్ పెట్టుకునే చోటు ఉండేది కదా, నా ప్లగ్ తీసి నీ బోర్డులో ఆ రెండో చోట పెట్టి, నువ్వొచ్చేదాకా నీ కాల్స్ నేను చూసేదాన్ని. అలా ఎన్ని రోజులు చేశామో. ఆ రోజు కూడా చేశాం. మిల్లు మూడో షెడ్డు కాల్ వచ్చింది ఆ ఐదు నిమిషాల్లో. కలిపి, కీ సగంలో ఆపింది నేను.

నువ్వు మొహం కడుక్కుని వచ్చావు. ఏమైనా కాల్స్ వచ్చాయా అని అడిగావు. ఒకటి, కలిపేశాను అన్నాను. మా ఆయన పని మూడో షెడ్డులోనే అని నీకు తెలుసు, అందుకే నీకు కూడా చెప్పలేకపోయాను. సాయంత్రం ఆయన రాగానే భయం ఆగక చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆయన వాళ్ళ తమ్ముడికి ఒక్కడికే చెప్పాడు. తమ్ముడికి షెడ్డు నిండా స్నేహితులు.

మర్నాడు గడియారం నన్ను లోపలికి పిలిచి, పన్నెండో బోర్డు ఎప్పుడైనా ఖాళీగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందంటే నీ ఐదు నిమిషాలు బయటపడతాయి, వాటితోపాటు నేనూ బయటపడతాను. నీ కోసమే చెప్పడం లేదని ఆ గదిలో నాకు నేను చెప్పుకున్నాను. "నా బోర్డు నేను చూసుకుంటానండీ, పక్కది నాకు తెలియదు" అన్నాను. ఆ మాట ఒక్కటి చాలింది ఆయనకి. వారం తిరిగేసరికి షెడ్డు మూత అబద్ధమని తేలింది, మా ఆయన ఉద్యోగం ఆయనకే ఉంది, నాది నాకే ఉంది. ఆ వారం రోజులకి నా దగ్గర కారణముంది. మిగిలిన ముప్ఫై నాలుగేళ్ళకి ఏ కారణమూ లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. ఆ కాల్ నువ్వు వినలేదు. విని మరిచిపోలేదు. అసలు నువ్వక్కడ లేవు. నీ మతి అప్పుడూ బాగానే ఉంది, ఇప్పుడూ బాగానే ఉంది.

ఇదే సంగతి, ఇంతకంటే పొట్టిగా, సంతకంతో ఇంకో కాగితం మీద రాసి ముప్ఫయ్యో బోర్డు ఆవిడకి పంపాను. సభలో అందరి ముందూ చదవమన్నాను, నేను వచ్చినా రాకపోయినా. నేను ఎవరినైనా అనుమానిస్తానని నీకు తెలుసుగా. ఈ పూట అందరికంటే నా మీదే నాకు నమ్మకం లేకపోయింది. అందుకే ముందు అది పోస్టు డబ్బాలో వేసి వచ్చి, ఆ తర్వాతే ఈ తాజాకలం రాయడానికి కూర్చున్నాను.